గుత్తి కోట కింద 48 క్లిప్పులు

గుత్తికి రైల్లో వచ్చేవాళ్లు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. స్టేషను గుత్తి వేరు, ఊరి గుత్తి వేరు. దిగగానే లోకోషెడ్డు ఇంజన్ల మోత వినిపిస్తుంది గానీ, కోట దగ్గరికి చేరాలంటే ఆటో ఎక్కాల్సిందే. డిసెంబరు మొదటి వారం, పొద్దున తొమ్మిది. ఎండ అప్పటికే తెల్లబడింది. గాలి మాత్రం చల్లగా, పెదవులు పగిలేంత పొడిగా ఉంది.

"కోట కింద, క్రిస్మస్ కార్డులు చేసే ఇల్లు" అన్నాను ఆటో అబ్బాయితో.

"టైలరక్క ఇల్లా? అట్ల చెప్పన్నా మరి" అని తిప్పాడు.

నిరుడు బెంగళూరులో ఒక స్నేహితుడి ఇంట్లో ఈ కార్డు చూశాను. ముదురు నీలం అట్ట మీద తెల్ల చుక్కలు, కింద ఎర్రమన్ను రంగులో ఒక గుట్ట, గుట్ట పక్కన కంబళి కొప్పెర పెట్టుకున్న గొర్రెల కాపరి. బెత్లెహేము కాపరి కాదు, అచ్చంగా మన అనంతపురం కాపరి. వెనక చిన్న అక్షరాల్లో 'చేతితో చేసినది, గుత్తి' అని ఉంది. ఆ ఉత్సాహంలో నేనూ ఇంటికొచ్చి బంధువుల కోసం ఇరవై కార్డులు చేయబోయాను. కాగితం కోయడం, మడవడం, బొమ్మ వేయడం, ఆరాక లోపల రాయడం, మళ్లీ రెండో కార్డుకి కత్తెర అందుకోవడం. మూడు రాత్రులు కూర్చుంటే పదకొండు అయ్యాయి. మిగతా తొమ్మిది మందికీ ఫోన్ చేసి చెప్పాను. ఆరుగురు ఆడవాళ్లు ఇంటి పనులు చేసుకుంటూనే నెలలో కొన్ని వందలు ఎలా చేస్తున్నారో చూద్దామనే వచ్చాను.

ఇల్లు చిన్నది, వసారా పెద్దది. వసారాలో ఈ కొస నుంచి ఆ కొసకి మూడు నైలాన్ తాళ్లు, వాటికి ప్లాస్టిక్ క్లిప్పులు. కింద చాప మీద ఆరుగురు. టైలరక్కకి చిన్నప్పుడు పోలియో వచ్చి ఒక కాలు సన్నబడింది. అనంతపురం దగ్గర ఒక చేతిపనుల కేంద్రంలో నాలుగేళ్లు పనిచేసి వచ్చి, ఇక్కడ కుట్టుమిషను పెట్టుకుంది. ఈ జిల్లాలో అలాంటి పనికి ఒక చరిత్ర ఉంది. విన్సెంట్ ఫెర్రర్ 1969లో అనంతపురంలో మొదలుపెట్టిన ఆర్డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్), వైకల్యం ఉన్న ఆడవాళ్లకు చేతిపనులు నేర్పి, వాళ్లు చేసిన వస్తువులను స్పెయిన్ దాకా పంపింది. వానను నమ్ముకుంటే శెనక్కాయ చేతికి రాని సీమలో, వానతో సంబంధం లేని పని దొరకడం చిన్న విషయం కాదు.

నేను వెళ్లేసరికి కోత నడుస్తోంది. చార్టు సైజు అట్ట, 28 అంగుళాల పొడవు, 22 వెడల్పు. పొడవును నాలుగు చేస్తే ఏడేసి అంగుళాలు, వెడల్పును రెండు చేస్తే పదకొండేసి. ఒక షీటుకు ఎనిమిది ముక్కలు, గోరంత కూడా వృథా లేదు. పదకొండును సగానికి మడిస్తే అయిదున్నరా ఏడూ కార్డు. టైలరు కొలతంటే ఇదీ అనిపించింది. గుడ్డకి పడుగు ఉన్నట్టే కాగితానికీ పోగు ఉంటుందట. అట్టను ఇటూ అటూ వంచి చూపించింది. ఒక వైపు మెత్తగా వంగింది, రెండో వైపు మొరాయించింది. మెత్తగా వంగిన వైపే మడత రావాలి. అడ్డంగా మడిస్తే మడత మీద అట్ట పగిలి తెల్లటి నూగు లేస్తుంది. నా పదకొండు కార్డుల్లో నూగు లేవనిది ఒకటీ లేదు, కారణం ఇప్పుడు తెలిసింది.

మడత గీతకు ఖరీదైన పనిముట్టేమీ లేదు. స్టీలు స్కేలు ఆనించి, సిరా అయిపోయిన రీఫిల్లుతో గట్టిగా ఒక గీత. గీతే గానీ మడవరు. 48 ముక్కలకూ గీతలు పడ్డాక వాటిని అలాగే బల్లపరుపుగా పక్కన పెట్టేశారు.

"మడిస్తే ఏమవుతుంది?" అన్నాను.

"మడిసింది ఎత్తుపల్లంగా ఉంటాదన్నా. దాని మీద రంగు అద్దితే ఒగ పక్క పడతాది, ఒగ పక్క పడదు. మడత కడాకు."

ఒక పని పట్టుకుంటే 48కీ అదే పని. కత్తెర చేతిలో ఉంటే కోతే. రీఫిల్లు పట్టుకుంటే గీతే. పనిముట్టు ఎత్తడంలో దించడంలో పోయే సమయం మనకు కనిపించదు గానీ, నా మూడు రాత్రుల్లో సగం దానికే పోయిందని ఇప్పుడు లెక్క తేలింది. పక్కన కూర్చున్న అవ్వకి ఇందులో వింత ఏమీ కనిపించలేదు. "అప్పడాలు ఎట్ల సేస్తారు నాయనా? ఒగటి ఒత్తి, ఎండబెట్టి, ఏంచుకొని తిని, మళ్లా ఇంగొగటి ఒత్తుతారా?" అంది. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను.

నిజానికి క్రిస్మస్ కార్డు పుట్టిందే ఈ ఇబ్బందిలోంచి. 1843లో లండన్‌లో హెన్రీ కోల్ అనే పెద్దమనిషికి పండగ ఉత్తరాలు కుప్పలుగా వచ్చిపడ్డాయి. ఒక్కోదానికీ జవాబు రాసే తీరిక లేక, జాన్ కాల్‌కాట్ హార్స్‌లీ అనే చిత్రకారుడితో బొమ్మ గీయించి, వెయ్యి దాకా అచ్చు వేయించి, రంగులు చేతితో అద్దించాడు. మిగిలినవి ఒక్కోటి షిల్లింగు చొప్పున అమ్మాడు. గీత అచ్చుది, రంగు చేతిది. గుత్తి వసారాలో జరుగుతున్నదీ దాదాపు అదే, అచ్చుయంత్రం బదులు బెండకాయ ఉందంతే.

బెండకాయ సంగతి కాస్త వివరంగా చెప్పాలి. అయిదు పలకల ముదురు కాయను అడ్డంగా కోస్తే అయిదు మొనల చుక్క వస్తుంది. కానీ కోసిన వెంటనే అద్దితే జిగురుకి రంగు జారిపోయి, చుక్క కాస్తా చిందరవందర అవుతుంది. అందుకని పొద్దున్నే కోసి, ముఖాన్ని గుడ్డ మీద బోర్లించి అరగంట ఉంచుతారు. పళ్లెంలో స్పాంజి, స్పాంజిలో తెల్ల పోస్టర్ రంగు. కాయను స్పాంజికి తాకించి, అట్టకి తాకించి, నిలువుగా పైకెత్తాలి. చేయి పక్కకి జరిగిందా, చుక్కకి మీసం వస్తుంది. కొన్ని పదుల అద్దకాలు అయ్యాక కాయ ముఖం మెత్తబడుతుంది. అప్పుడొక పలచటి బిళ్ల కోసి పారేస్తే మళ్లీ కొత్త ముఖం. ఇంటర్ చదివే అమ్మాయి ఈ పని చేస్తోంది. పెద్ద చుక్కకి మాత్రం సన్న కుంచెతో బంగారు రంగు తోక గీస్తారు, తూర్పుదేశపు జ్ఞానులకు దారి చూపిన చుక్క కదా.

గుట్టకి, కాపరికి పాత ఎక్స్‌రే ఫిల్ములో కోసిన అచ్చులు. ఎర్రమన్నును నీళ్లలో కలిపి, తేట వంచి, గుడ్డలో వడగట్టి, తుమ్మజిగురు చేరుస్తారు. కుంచె వాడితే ఫిల్ము అంచు కిందికి రంగు పాకుతుంది, కాబట్టి దాదాపు పొడిగా ఉన్న స్పాంజితో తట్టాలి. ఆ గుట్ట రూపురేఖలు తలెత్తి చూస్తే ఎదురుగానే ఉన్నాయి. మురారిరావు ఏలిన కోట, 1776లో హైదరలీ పట్టుకున్న కోట, ఆ తరువాత కుంఫిణీ చేతికి వచ్చిన కోట. 1827 జూలై 6న పత్తికొండలో కలరాతో చనిపోయిన మద్రాసు గవర్నరు మన్రోను మొదట పూడ్చింది ఈ కోట కిందనే, తరువాతే మద్రాసుకి తరలించారు. లండన్ మిషన్ వాళ్లు 19వ శతాబ్దంలో గుత్తిలో కేంద్రం పెట్టుకున్నారు. వాళ్ల సంఘాలు 1947లో సీఎస్సైలో (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియాలో) కలిశాయి. క్రిస్మస్ ఈ ఊరికి నిన్న మొన్నటిది కాదు.

రంగు అద్దిన కార్డులు ఒక్కొక్కటే తాళ్ల మీదికి ఎక్కుతున్నాయి. అప్పటిదాకా నేను మనసులో ఒక సిద్ధాంతం కట్టుకుంటున్నాను. ఆరు షీట్లు, షీటుకు ఎనిమిది ముక్కలు, మొత్తం 48. ఆరుగురు మనుషులు, మనిషికి ఎనిమిది. ఎంత చక్కటి లెక్క! చెప్పి మెప్పు పొందుదామని చెప్పేశాను.

టైలరక్క నా వైపు జాలిగా చూసింది. "అదేం లేదన్నా. తాటికి 16 క్లిప్పులు. మూడు తాళ్లు. క్లిప్పులు అన్నే ఉండాయి."

అంతే. చేతులు ఎంత వేగంగా నడిచినా, ఆరబెట్టే చోటు ఎంతో విడత అంత. మొదటి ఏడు ఇది తెలియక ఒకేసారి వంద అద్దారట. సగం మంచాల మీద, సగం నేల మీద పరిచారు. గాలికి ఒకదాని మీద ఒకటి పడి అతుక్కున్నాయి. ఇప్పుడు 48 అద్దాక రంగుల జోలికే పోరు. ఆ ఖాళీలో కవర్లు మడుస్తారు. సంగటికి ఎసరు పెట్టుకున్నా ఆ ఖాళీలోనే. కోస్తాలో ఈ రంగు ఎంతసేపటికి ఆరుతుందో గానీ, ఇక్కడ డిసెంబరు గాలికి ఎసరు మరిగేలోపు చేతికి అంటకుండా ఆరింది. పంటను ఎండబెట్టే గాలే కార్డునీ ఎండబెడుతోంది.

కవర్లకి మైదా బంక, అందులో చిటికెడు మైలుతుత్తం. పాత బైండింగు పనివాళ్ల పద్ధతి, పురుగు పట్టదు. విషం కాబట్టి బంక గిన్నె వంటింటి గడప తొక్కదు. కవరు మూతకి బంక పూయరు, లోపలికి దోపేస్తారు. మూత అంటించకుండా బుక్ పోస్టులో తక్కువ స్టాంపుతో గ్రీటింగులు పంపిన రోజులు గుర్తొచ్చాయి.

మధ్యాహ్నం ఉగ్గాణి పెట్టారు. తింటూ ఉండగా గోడ మేకుకి వేలాడుతున్న ఒక కార్డు చూశాను. అది అమ్మడానికి కాదు, మచ్చు. ప్రతి విడతలో మొదటి కార్డు ఆరుగురి చేతుల్లోనూ తిరిగి, ఈ మచ్చుతో సరిపోయిందని అందరూ అన్నాకే రెండోది మొదలవుతుందట. ఇంత పట్టింపు ఎందుకని అడిగితే అందరూ ఇంటర్ అమ్మాయి వైపు చూశారు. ఆ పిల్ల తల వంచుకుంది.

రెండేళ్ల కింద సంగతి. చుక్కలు, గుట్ట, కాపరి అన్నీ అయిపోయిన కట్టకు లోపల 'క్రిస్మస్ శుభాకాంక్షలు' రబ్బరు స్టాంపు వేయమని ఈ పిల్లకి ఇచ్చారు. కట్ట తలకిందులుగా ఉందని చూసుకోలేదు. ఎంత చురుకైన చెయ్యంటే, ఎవరైనా గమనించేలోపు 48కీ వేసేసింది. ఒక్కొక్కటిగా చేస్తే తప్పు ఒకదానితో ఆగేది. విడతగా చేస్తే తప్పు కూడా విడతగానే వస్తుంది. వేగాన్ని మెచ్చుకునేవాళ్లు ఈ మాట చెప్పరు. ఆ కార్డుల్ని మడత దగ్గర కోసి, బొమ్మ ఉన్న సగాన్ని పోస్టుకార్డుల్లా తక్కువ ధరకు అమ్మారు. అప్పటినుంచి వరస మారింది. కోత, గీత అవగానే స్టాంపు. అప్పటికి పోయేది ఉత్త అట్టే. ఇంకా చెప్పాలంటే అదీ పోదు. స్టాంపు తలకిందులైనా, బొమ్మ వేయనంతవరకు అట్టను తిప్పి పట్టుకుంటే అక్షరాలు తిన్నగానే ఉంటాయి, ఎడమ పుటలోకి వస్తాయంతే. అన్నిటికంటే ఎక్కువ శ్రమ పడ్డ వస్తువు మీద అన్నిటికంటే ప్రమాదకరమైన పని చేయకూడదని ఆ ఏడు నేర్చుకున్నారు. ప్రతి ముక్కకీ పైవైపు మూలన పెన్సిలు చుక్క పెట్టడం కూడా అప్పుడే మొదలైంది.

నేను ఊరికే ఉండలేక ఒక సలహా ఇచ్చాను. గుత్తి పేరుతో లోకంలో ఒక సాలెపురుగు ఉంది, మెరిసే నీలం రంగుది. 1899లో పోకాక్ అనే శాస్త్రజ్ఞుడు దాన్ని వర్ణించాడు. మొదట దొరికింది ఇక్కడి రైల్వే కలప అడితిలోనే. అది నిజానికి బతికేది నంద్యాల, గిద్దలూరు మధ్య అడవుల్లో, ఇప్పుడు అంతరించే దశలో ఉంది. ఉక్రెయిన్‌లో క్రిస్మస్ చెట్టుకి సాలెపురుగు బొమ్మలు కడతారు కూడా. మీ నీలం అట్ట మీద ఆ పురుగు ఒకటి వేస్తే ఎంత బాగుంటుందో!

అవ్వ నా ముఖం వైపు కాసేపు చూసి, "యేసయ్య పుట్టిన దినం పురుగును ఎవురికి పంపుతావు నాయనా?" అంది. ఆ ప్రస్తావన అక్కడితో అయిపోయింది.

సాయంత్రం మడత. స్టీలు చెంచా వెనక వైపుతో ఒక్కో మడతా రుద్ది, కట్ట కట్టి, పలక పెట్టి, పైన సన్నికల్లు. తెల్లారేదాకా అలా ఉంటేగానీ కార్డు నోరు మూయదు. అరగంటకోసారి మనుషులు చోటు మారుతున్నారు. ఒకే పని గంటల తరబడి చేస్తే మెడ పట్టేస్తుంది. రుద్దే పని నాకూ ఇచ్చారు. నేను రుద్దినవి విడిగా పెట్టి మళ్లీ ఒకసారి రుద్దుకున్నారు, మర్యాదగా, నేను చూడకుండా.

లెక్క పెడితే 47 వచ్చాయి. తాళ్లు, చాప కింద, మంచం కింద వెతికారు. ఒక క్లిప్పు ఖాళీగా ఊగుతోంది. పిట్టగోడ మీదుగా తొంగిచూస్తే పక్కింటి మేక ఒక కాపరిని, సగం గుట్టతో సహా, తీరిగ్గా నములుతోంది. ఎవరూ కంగారు పడలేదు. చర్చివాళ్లు అడిగినవి 45. మూడు ఎప్పుడూ అదనమే, గాలికీ మేకకీ అని.

మిగిలిన రెంటిలో ఒకటి నేను కొనుక్కున్నాను. చేద్దామనుకునేవాళ్లకి ఒక్క మాట. అట్ట కొనేముందు ఇంట్లో బట్టల క్లిప్పులు ఎన్ని ఉన్నాయో లెక్క పెట్టుకోండి.