ఆ అమ్మాయి జవాబు

“మందు కొనలేని భర్త, భార్య ప్రాణంకోసం దాన్ని దొంగిలించవచ్చునా?” నిజామాబాదులో ఓనాడు తరగతిలో అడిగాను.

“దొంగిలించాల్సిందే!” అన్నారు మగపిల్లలు. ఒకమ్మాయి మాత్రం, “అతను జైలుకు పోతే ఆమెను చూసేదెవరు సార్? షాపాయన్నే మళ్ళీ బతిమాలాలె” అంది.

“తర్కం తెలియదమ్మా నీకు” అని నవ్వాను. ఆమె తండ్రి, 2015లో మూతపడ్డ బోధన్ చక్కెర ఫ్యాక్టరీ కార్మికుడు. సంపాదించేవాడు చతికిలబడితే ఇల్లేమవుతుందో ఆమెకు తెలుసు, నాకు తెలియదు.

ఆనక చదివాను. ఆ ప్రశ్న అమెరికా మనస్తత్వ శాస్త్రజ్ఞుడు కోల్‌బర్గ్‌ది. ఆయన నీతికి మెట్లు కట్టింది 84 మంది మగపిల్లల్ని పరిశీలించి. పదకొండేళ్ళ ఏమీ ఇటువంటి జవాబే చెబితే, ఆ లెక్కలో కిందిమెట్టు దక్కింది. అది కిందిమెట్టు కాదు, మరో గొంతు అని 1982లో కరోల్ గిల్లిగన్ పుస్తకమే రాసింది.

చెప్పొద్దూ, సిగ్గేసింది. ఆ అమ్మాయి ఆ ఏడాదంతా తరగతిలో మళ్ళీ నోరు విప్పలేదు.