పాత యంత్రం చెప్పే మాట

మీ ఊళ్లో మంచినీటి పైపు కోసం వీధిలో కందకం తవ్వుతుంటే మీరు చూసే ఉంటారు. పెద్ద యంత్రం పట్టని ఇరుకు సందులోకి ఒక చిన్న యంత్రం చైను మీద మెల్లగా పాకుతూ వస్తుంది. దానికి చిన్న బకెట్, మట్టి నెట్టే పలక, ఒక్క మనిషి కూర్చునే చోటు ఉంటాయి. దాని పేరు మినీ ఎక్స్‌కవేటర్. మన పల్లెల్లో కొందరు దాన్ని ‘చిన్న పొక్లెయిన్’ అంటారు, కొందరు ‘చిన్న జేసీబీ’ అంటారు. నిజానికి ఈ రెండూ కంపెనీల పేర్లు. జోసెఫ్ సిరిల్ బామ్‌ఫర్డ్ 1945లో ఇంగ్లండులో ఒక కంపెనీ స్థాపించాడు. ఆయన పేరులోని పొడి అక్షరాలే జేసీబీ. పొక్లెయిన్ ఫ్రాన్సు దేశపు కంపెనీ. ఈ వ్యాసంలో అలాంటి ఒక పాత యంత్రం గురించి, దాని విషయంలో నేను చేసిన తప్పుల గురించి మీకు చెబుతాను.

మా తమ్ముడు ఎనిమిదో తరగతిలో బడి మానేశాడు. పన్నెండేళ్లు ఇతరుల యంత్రాలు నడిపాడు. 2021లో సొంతంగా ఒక పాత మినీ ఎక్స్‌కవేటర్ కొనుక్కోవాలనుకున్నాడు. జల్ జీవన్ మిషన్‌ను 2019లో ప్రకటించారు. ఇంటింటికీ కుళాయి పనులు ఉన్నాయి కాబట్టి చిన్న యంత్రానికి కిరాయి దొరుకుతుందని అతని ఆశ. “కాగితాలు చదవడానికి నువ్వు రా అక్కా” అని నన్ను పిలిచాడు. నేను ఎం.ఎడ్. చదివి, పాఠాలు రాసే ఉద్యోగం చేస్తున్నాను. కాగితాలు చదవడం నాకు కొత్త కాదు కదా అనుకుంటూ వెళ్లాను.

అది మూడు టన్నుల యంత్రం. మోటారు బండికి కిలోమీటర్ల లెక్క ఎలాగో ఇలాంటి యంత్రానికి గంటల లెక్క అలాగ. మీటరులో 3,900 గంటలు కనిపించాయి. నేను వెంటనే లెక్క వేసి, “తక్కువే నడిచింది, తీసుకో” అన్నాను. తమ్ముడు మీటరు వైపు చూడలేదు. బకెట్‌ను నేలకు జానెడు ఎత్తున నిలిపి, ఇంజను ఆపి, గడ్డపారతో దాన్ని అటూ ఇటూ కదిలించాడు. కీళ్ల దగ్గర పిన్నులు టకటకలాడాయి.

“బుష్‌లు బాగా అరిగాయక్కా. కాలు పెట్టేచోట రేకు చూడు, నున్నగా అయిపోయింది. మీటరు చెప్పేదానికంటే ఇది చాలా ఎక్కువ పని చేసింది” అన్నాడు.

“అంకె కళ్లెదుట కనిపిస్తుంటే అనుమానం ఎందుకురా?” అన్నాను.

చదువుకున్న అక్క మాట కదా అని ఊరుకున్నాడు. అప్పు పత్రం మీద నేను హామీ సంతకం చేశాను. నాలుగు నెలలకే హైడ్రాలిక్ పంపు పోయింది. పద్దెనిమిది రోజులు పని ఆగింది. మూడు నెలల వాయిదాలకు సరిపోయే డబ్బు మరమ్మతుకు అయింది. తమ్ముడు నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది.

మీరు గమనించారా? ఆ రోజు అక్కడ ఇద్దరం చదివాం. నేను మీటరు మీది అంకె చదివాను. తమ్ముడు అరిగిన ఇనుమును చదివాడు. తప్పు చదివింది నేను.

మరుసటి వేసవిలో సెలవు పెట్టి, వారం రోజులు తమ్ముడి వెంట పనికి వెళ్లాను. ఇంజను స్టార్ట్ చేయకముందే అతని పని మొదలయ్యేది. యంత్రాన్ని చదునైన నేల మీద ఉంచి డిప్‌స్టిక్‌తో ఇంజను ఆయిల్ చూసేవాడు. ఆయిల్ పాలలా తెల్లబడితే అందులో నీళ్లు చేరాయని గుర్తు. రేడియేటరు మూత చల్లగా ఉన్నప్పుడే తీసేవాడు. వేడి మీద తీస్తే మరిగే నీళ్లు ముఖం మీదికి చిమ్ముతాయి. డీజిల్ ఫిల్టరు అడుగున చేరిన నీటిని వదిలేసేవాడు. ప్రతి పిన్నుకూ, మురికి గ్రీజు బయటికి వచ్చి కొత్తది కనిపించేదాకా గ్రీజు కొట్టేవాడు. చైను బిగువు చూసేవాడు. బిగువు ఎక్కువైతే చైను, చక్రాలు త్వరగా అరుగుతాయి. తక్కువైతే చైను ఊడిపోతుంది. స్టార్ట్ చేశాక ఐదు నిమిషాలు ఇంజనును నెమ్మదిగా తిరగనిచ్చి, పొగ చూసేవాడు. నల్లపొగ వస్తే ఎయిర్ ఫిల్టరు మూసుకుపోయిందేమో చూడాలి. నీలిపొగ వస్తే ఇంజను ఆయిల్ కాలిపోతోందన్నమాట.

నడిపేటప్పుడు కూడా అతనికి కొన్ని నియమాలున్నాయి. పాత యంత్రాలన్నిటిలో లివర్లు ఒకే తీరుగా పనిచేయవు. ఒకదానిలో బూమ్‌ను కుడి లివరు లేపితే, మరొకదానిలో ఎడమది లేపుతుంది. అందుకే కొత్తగా ఎక్కిన యంత్రాన్ని ముందు ఖాళీ స్థలంలో మెల్లగా కదిలించి చూడాలి. తవ్విన మట్టిని కందకం అంచుకు కనీసం రెండడుగుల దూరంలో పోయాలి. ఒక ఘనపు మీటరు మట్టి సుమారు ఒకటిన్నర టన్ను ఉంటుంది. అది అంచు మీద ఉంటే గోడ విరిగి లోపలి మనిషి మీద పడవచ్చు. బూమ్ ఎత్తేముందు పైన కరెంటు తీగలున్నాయేమో చూడాలి. ఎత్తిన బకెట్ కింద ఎవరూ నిలబడకూడదు.

“ఇవన్నీ నీకు ఎవరు నేర్పారు?” అని అడిగాను.

“కొన్ని మేస్త్రీ చెప్పాడు, కొన్ని యంత్రమే నేర్పింది. పాత యంత్రం చాలాసార్లు ముందే చెబుతుందక్కా. మనం వినాలి” అన్నాడు.

అయితే తమ్ముడు ఏదీ రాసిపెట్టుకునేవాడు కాదు. “ఇంజను ఆయిల్ ఎప్పుడు మార్చావు?” అంటే “శివరాత్రికి ముందు” అన్నాడు. ఇలాంటి ఇంజన్లలో చాలావాటికి 250 గంటలకు ఒకసారి ఆయిల్ మార్చాలి. రోజుకు ఎనిమిది గంటల పని ఉంటే నెల రోజులకే ఆ గడువు వస్తుంది. పండుగల లెక్క దానికి చాలదు. నేను ఒక నోటు పుస్తకం కొని నాలుగు గళ్లు గీశాను. తేదీ, మీటరు అంకె, ఏం పోశాం, ఏం కనిపించింది అన్నవి ఆ గళ్లు. “ఆ మీటరే అబద్ధం కదక్కా!” అని నవ్వాడు. పాత అంకె అబద్ధమైనా, ఈ రోజు నుంచి తిరిగే గంటలు నిజమే కదా అన్నాను.

ఐదు రోజులు గడిచాయి. పోసిన హైడ్రాలిక్ ఆయిల్ కొలతలు కూడితే లీటరు అయింది. రోజూ కొంచెం కొంచెంగా పోయడం వల్ల అది తమ్ముడి దృష్టికి రాలేదు. ఇద్దరం లీకు కోసం వెతికాం. ఇంజను నడుస్తోంది. బూమ్ కింది గొట్టం తడిగా కనిపించి, నేను చెయ్యి చాపాను.

“అక్కా! చెయ్యి తియ్యి!” అని తమ్ముడు అరిచాడు.

ఆ గొట్టాల్లో ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు సుమారు 200 కిలోల దాకా పోతుంది. అంటే మీ వేలిగోరంత చోట నాలుగు సిమెంటు బస్తాల బరువు! సూదిమొనంత రంధ్రంలోంచి వచ్చే నూనె చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. పైకి చిన్న గాటులాగే కనిపిస్తుంది. కానీ లోపల కండ చెడిపోతుంది. వెంటనే ఆసుపత్రిలో శస్త్రచికిత్స చేయించకపోతే వేలో, చెయ్యో పోవచ్చు. తమ్ముడు కళ్లద్దాలు పెట్టుకుని, కర్రకు కట్టిన అట్టముక్కను గొట్టం వెంట దూరం నుంచి నడిపాడు. ఒకచోట అట్ట మీద సన్నని నూనె గీత పడింది. బకెట్‌ను నేలకు దించి, ఇంజను ఆపి, లివర్లన్నీ కదిలించి ఒత్తిడి వదిలించాడు. ఆ తరువాతే గొట్టం విప్పాడు.

మీ దగ్గర ఒక సంగతి దాచకూడదు. ఆ వారం నా సంచిలో నేను రాస్తున్న ఒక పాఠం చిత్తుప్రతి ఉంది. అందులో “లీకు కోసం గొట్టాలను చేతితో తడిమి చూడండి” అని రాశాను. ఆ రాత్రే ఆ వాక్యాన్ని కొట్టేశాను. అది అచ్చయి ఉంటే, నమ్మి చదివిన మీలో ఎవరి చెయ్యి పోయేదో!

ఆ లీకు సంగతి పుస్తకం చెప్పింది. లీకు దగ్గర ఎలా మెలగాలో తమ్ముడి అనుభవం చెప్పింది. రెండూ లేకపోతే ఆ రోజు మాకు నష్టమే జరిగేది.

ఇప్పుడు తమ్ముడు మూడో నోటు పుస్తకంలో రాస్తున్నాడు. అందులో ‘గ్రీజు’ అని రాయాల్సిన చోట ‘గిరీజు’ అని ఉంటుంది. కానీ గంటల లెక్క ఒక్కటీ తప్పలేదు. మీ ఇంట్లో కుట్టు మిషను ఉండవచ్చు, పొలంలో మోటారు పంపు ఉండవచ్చు. దాని గురించి మీ చేతులకు ఇప్పటికే ఎంతో తెలుసు. ఈ రోజే ఒక పుస్తకం తీసుకుని నాలుగు గళ్లు గీయండి. అది ఈ రోజు మీకేం చెప్పిందో ఒక్క వాక్యం రాయండి. అక్షరాలు తరువాత దిద్దుకోవచ్చు.