ఒక్క జీతము – ఇరువురి పని

మేము 2022వ సంవత్సరము ఏప్రిలు నెల కడపట మిషను బంగళా విడిచి వచ్చితిమి. బంగళా యన్న మాటను జూచి సోదరీమణులు భ్రమపడవలదు. రెండు గదులు, ఒక వసారా, వానకు కురియు వంటయిల్లు, ముంగిట నొక నేరేడుచెట్టు, అంతే. అయినను గోదావరి కాలువ యొడ్డున నున్న యా పల్లెలో మాకది పదునొకండేండ్ల కాపురము. మావారు అచ్చటి క్రైస్తవ సంఘమునకు గురువులు. మేము వారి యిల్లాలము.

ఈ వ్యాసమున "మేము" అని వ్రాయుట గొప్పకు గాదు. ఆ పదునొకండేండ్లును మేమిరువురము ఒక్క యుద్యోగము చేసి ఒక్క జీతము తీసికొంటిమి గనుక వేరొక మాట వ్రాయుటకు చేయి రాకున్నది. గురువుగారు ప్రసంగము చేయుదురు, బాప్తిస్మ మిత్తురు, పెండ్లిండ్లును భూస్థాపనలును జరిపింతురు. తక్కినదంతయు అమ్మగారిది. ఆదివారపు బడి, స్త్రీల సమాజము, ఇంటింట వంటవేళ తీసియుంచిన పిడికెడు బియ్యమును కొలిచి యమ్మించి లెక్క వ్రాయుట, సంస్కారపు గిన్నెలు కడిగి తుడుచుట, పెండ్లికూతునకు ముసుగు సవరించుట, అర్ధరాత్రి తలుపు తట్టినవారికి కాఫీ కాచుట. రిజిస్టర్లును మేమే వ్రాయుచుంటిమి, ఏలయన మావారి దస్తూరి మావారికే తెలియదు. మొదట వారిని నియమించినప్పుడు పెద్దలలో నొకరు, "అమ్మగారికి హార్మోనియం వచ్చునా?" అని యడిగిరి. వచ్చునని సంతోషముగా చెప్పితిమి. దానికి జీతమెంత యని యడుగవచ్చునని మాకు తోచలేదు. తోచినను నోరు రాకపోయెడిది.

ఇక నా కొలువు విడుచుటకు కారణ మేమందురా? ఒకటి గాదు. 2020 మార్చి 25వ తేదీ మొదలు దేశమంతట లాక్‌డౌను వచ్చి గుడి తలుపులు మూసిరి. ఏప్రిలు 12న ఈస్టరు. ఆ పండుగనాడు సంఘమును జూడక యుండలేక, పొరుగింటి పిల్లవాని ఫోనును పీటమీద నిలిపి, పురికొసతో కట్టి, మా వసారాలోనుండియే యూట్యూబులో ఆరాధన జరిపితిమి. చూచినవారికి గురువుగారు గోడకు అడ్డముగా పండుకొని బోధించుచున్నట్లు కనబడెనట! మరుసటి వారమునుండి మావారు రాత్రులు మేలుకొని, పెదవి కదలిన తరువాత క్షణమునకు గాని మాట వినబడకుండుటకు కారణము వెదకసాగిరి. మైకును మార్చిరి, తీగను మార్చిరి, తుదకు లోపము ఫోనులోని యమరికయందున్నదని కనిపెట్టి తెల్లవారుజామున మమ్ము లేపి చెప్పిరి. ఎన్నో యేండ్లకు వారి ముఖమున నట్టి వెలుగు చూచితిమి. జూను 8న గుడులు తెరచుట కనుమతి వచ్చినప్పుడు వారికి సంతోషముతోపాటు కొంచెము విచారమును గలిగినదని మాకు మాత్రమే తెలియును.

ఆ మరుసటి యేడు ఏప్రిలు, మే నెలలను ఈ దేశమున మరచినవారుండరు. ఐదు వారములలో మావారు పందొమ్మిది భూస్థాపనలు జరిపిరి. కొన్నింటికి సమాధులదొడ్డిలో నలువురు మాత్రమే యుండిరి. ఆ నలువురిలో నిద్దరు గుంట త్రవ్వినవారు. పిమ్మట వారు వేదికమీద మాటలాడుచు మాటలాడుచు నాగిపోవుట మొదలయ్యెను. "మాటలు నోటినుండి వచ్చుచున్నవి గాని నాలోనుండి వచ్చుట లేదు," అని యొకనాటి రాత్రి యనిరి. భక్తి పోయినదనుకొని మేము భయపడితిమి. భక్తి పోలేదు. శక్తి పోయినది. అప్పటికి కానుకలు తగ్గి నాలుగు నెలల జీతము బాకీ పడియుండెను. అడిగినందుకు, "దేవుని పనికి లెక్కలేమిటండీ, అయ్యగారూ?" అన్నవారున్నారు. వారిని తప్పుపట్టలేము, వారికిని ఆ యేడు కూలిపనులు సరిగా లేవు. కాని మా అమ్మాయి యింటరు ఫీజునకు ఆ జవాబు చెల్లదుగదా!

రాజీనామా యిచ్చిన దినమున, నాగలినిగూర్చిన వాక్యమును ముగ్గురు మాకు చదివి వినిపించిరి. ఒక ముసలమ్మ మాత్రము ఏమియు ననక, ఆరు కోడిగ్రుడ్లు కొంగున కట్టి తెచ్చి చేతిలో పెట్టినది. ఉద్యోగముతో ఇల్లును పోవునని తెలిసియే యున్నను, నెలలోగా సామాను సర్దుకొనునప్పుడు గాని ఆ సంగతి మనసున కెక్కలేదు. మంచము మిషనుది, బీరువా మిషనుది, బావిబొక్కెన సైతము మిషనుదే.

మావారు సాంకేతికవిద్య నేర్చి బ్రతుకుదమనిరి. వారికప్పుడు 41 ఏండ్లు. మేము పుట్టింటివారు పెట్టిన నాలుగు గాజులలో రెంటిని అమ్మి హైదరాబాదు చేరితిమి. ఎఱ్ఱగడ్డలో ఒక గది, వంటకు జానెడు చోటు. అద్దె 7,500 రూపాయలు. అక్కడినుండి వారు దినమును అమీరుపేటకు నడచి వెళ్ళుచుండిరి. మెట్రో రైలు నెత్తిమీదనే పోవుచున్నను చార్జీ మిగులునని నడక. అమీరుపేటలో మైత్రీవనము చుట్టుపట్ల నున్న వీథులలో, కూరగాయల బజారున తోటకూర కట్టలవలె, కంప్యూటరు కోర్సుల కాగితములు చేతులలో పెట్టుచుందురు. మావారు సాఫ్టువేరు టెస్టింగు అను దానిని ఎంచుకొనిరి. మూడు నెలలు, 12,000 రూపాయలు. తరగతిలోని పిల్లలందరు ఇరువదిరెండేండ్లవారు. మావారిని "అంకుల్" అని పిలుచుచుండిరట. పదునొకండేండ్లు "అయ్యగారు" అనిపించుకొన్నవారికి ఆ మాట మొదటి వారము కొంచెము గ్రుచ్చుకొన్నదని తరువాత ఒప్పుకొనిరి.

రాత్రి యింటికివచ్చి, ప్రసంగము అభ్యాసము చేసినట్లే, ఆనాటి పాఠమును పెద్దగా అప్పచెప్పుకొనుట వారికి అలవాటు. మేము వంకాయలు తరుగుచు వినుచుంటిమి. ఈ టెస్టింగు అనునది మనకు తెలియని విద్య గాదు. ప్రోగ్రాము జనుల చేతికి పోకముందే దానిలోని తప్పులు వెదకి పట్టుట. వయస్సు 18 మొదలు 60 వరకుండవలెనని యొక ఫారము అడుగుచున్నదనుడు. పరీక్షించువారు 35 వేసి చూచి ఊరకుండరాదు. 17 వేయవలెను, 18 వేయవలెను, 60, 61 వేయవలెను. ఏమియు వేయక విడువవలెను. అంకెకు బదులు అక్షరము వ్రాయవలెను. తప్పులు నడుమ నుండవట, అంచులయందు దాగియుండునట. బియ్యము గాలించునప్పుడు రాళ్ళు గిన్నె యడుగున చేరునట్లే యని మేమంటిమి. మావారు ఆ మాటను నోటుపుస్తకమున వ్రాసికొనిరి.

రెండవ నెలలో డేటాబేసు పాఠము వచ్చెను. ఒక పట్టికలోని వరుసను వేరొక పట్టికలోని వరుసతో జతపరచుటను 'జాయిన్' అందురు. అందులకు పేరు పనికిరాదు, ప్రతివారికిని వేరువేరుగా నుండు సంఖ్య కావలెను. దానిని 'ప్రైమరీ కీ' అందురు. మావారికి ఇది రెండు రాత్రులు బోధపడలేదు. పేరుండగా సంఖ్య యెందుకని వారి ప్రశ్న. మేము కత్తిపీట ప్రక్కకు జరిపి, "మన సంఘములో మరియమ్మ లెందరు?" అని యడిగితిమి. ఏడుగురు. "పెండ్లి ప్రకటనకు ముందు పెండ్లికూతురి వయస్సు నెట్లు చూచితిమి?" పెండ్లి రిజిస్టరులో ఆమె పేరుప్రక్కన బాప్తిస్మపు సంఖ్య వ్రాసియుండును, ఆ సంఖ్యనుబట్టి బాప్తిస్మపు రిజిస్టరు తీసి పుట్టినతేదీ చూతుము. తండ్రిపేరు ఒకచోట యేసురత్నమనియు, ఇంకొకచోట వై. రత్నమనియు నున్నను సంఖ్య మారదు. మావారు కొంతసేపు మాటలాడలేదు. "ఇది పదునొకండేండ్లు నీవు చేయుచుంటివి," అనిరి. ఆనాటినుండి ఆ పాఠములు ఇరువురివైనవి. ఒక్క జీతమునకు ఇద్దరము పనిచేసినవారము, ఒక్క ఫీజుతో ఇద్దరము చదువుకొంటిమి. ఆ సంస్థవారికి ఈ సంగతి తెలియదు.

కోర్సు ముగిసి ఉద్యోగముల వేట పట్టునప్పటికి కాలము ఎదురు తిరిగెను. 2022 నవంబరులో మెటా వారు 11,000 మందిని తీసివేసిరి. మరుసటి జనవరిలో గూగులు వారు 12,000, అమెజాను వారు 18,000 అని ప్రకటించిరి. అవి సీమకంపెనీల లెక్కలైనను, అమీరుపేట గోడలవరకును ఆ గాలి వచ్చినది. అదే నవంబరు చివర చాట్‌జీపీటీ వెలువడగా, టెస్టింగు పని ఇక యంత్రమే చేయునని తరగతి పిల్లలు దిగులుపడిరి. మావారి దరఖాస్తులకు జవాబులు లేవు. వచ్చిన ఒకటి రెండు ఇంటర్వ్యూలలో వారి బీ.డీ. పట్టము పెద్ద చిక్కైనది. ఒక చిన్నవాడు దానిని బిజినెస్ డెవలప్‌మెంటు అనుకొని, "ఏడాదికి ఎందరు క్లయింట్లను తెచ్చినారు సార్?" అని యడిగెనట. మావారు బాప్తిస్మపు లెక్క చెప్పబోయి ఆగిరట!

ఆ పట్టము పశ్చిమ బంగాళమున గంగయొడ్డున శ్రీరాంపురమున నున్న విద్యాపీఠమువారిది. హైదరాబాదులో చదివినను పట్టము వారే యిత్తురు. ఆ కళాశాలను 1818లో స్థాపించినవారిలో నొకరైన విలియం కేరీ మొదట చెప్పులు కుట్టినవాడు. 1793లో ఈ దేశమునకు వచ్చి నీలిమందు కర్మాగారమున పనిచేసినవాడు. పిమ్మట శ్రీరాంపురమున అచ్చుయంత్రమును నెలకొల్పుటలో పాలుపంచుకొన్నవాడు. ఆయన వ్రాసిన తెలుఁగు వ్యాకరణము 1814లో అచ్చటనే అచ్చుపడినది. ఆనాటికి అచ్చే గదా కొత్త సాంకేతికవిద్య! ఈ సంగతి ఇంటర్వ్యూలో చెప్పుడని మేము మావారిని పోరితిమి. వారు చెప్పలేదు. చెప్పినను ఆ చిన్నవాని కెట్లుండెడిదో.

డిసెంబరులో ఒకడు మా గదికి వచ్చి, 40,000 రూపాయలిచ్చినచో మావారు ఐదేండ్లు ఏదో కంపెనీలో పనిచేసినట్లు పత్రము పుట్టించెదననెను. అందరును అట్లే చేయుచున్నారనెను. సోదరీమణులకు నిజము చెప్పవలెను: మేమే ముందు తలయూపితిమి. రెండు నెలల అద్దె బాకీ. మిగిలిన రెండు గాజులు అమ్మిన సరిపోవును. మావారు ఒప్పుకొనలేదు. మునుపొకప్పుడు సంఘమున ఒక తండ్రి, కొడుకునకు వయస్సు దాటిన సర్కారు ఉద్యోగముకొరకు, బాప్తిస్మపు పత్రమున పుట్టినయేడు మార్పుమని యేడ్చి వేడుకొనెను. మావారు మార్చలేదు. ఆ పిల్లవాడు నేటికిని ఆటో నడుపుచున్నాడు. "వానికి మార్చనిది నాకు మార్చుకొందునా?" అనిరి. మేము మూడు దినములు వారితో మాటలాడలేదు. వారిది న్యాయమని తెలిసియే మాటలాడలేదు. ఇంటద్దె యడుగువచ్చువారికి తలుపు తీయవలసినది మేముగదా.

2023 ఫిబ్రవరిలో, బడులకు లెక్కల ప్రోగ్రాములు చేయు ఒక చిన్న సంస్థవారు మావారికి పరీక్షగా 600 వరుసల పట్టిక నొకటి యిచ్చిరి. తలిదండ్రుల పేర్లు పలువిధముల వ్రాసియుండగా ఒకరినే రెండుసార్లు చేర్చినచోట్లు కనిపెట్టవలెను. మావారు పట్టికను తిప్పి చూచి, "ఇది నాకంటె మా యింట్లోవారు బాగుగా చేయుదురు," అని చెప్పివేసిరి. ఆ మాటకు నవ్వక, పట్టికను ఇంటికి పంపిన ఆ యధికారిణికి మేము ఋణపడియున్నాము. మరునాటి యుదయమునకు 23 జంటలు పట్టితిమి. ఆమె ఫోనులో, "అనుభవ మెంత?" అని యడిగెను. లేదంటిమి. "మరి యీ కన్ను ఎక్కడిది?" అనెను. రిజిస్టర్ల సంగతి చెప్పితిమి. ఏదైన పత్రము తెప్పింపుమనెను. మునుపటి చోటికి వ్రాయగా, అట్టి పేరుతో ఉద్యోగి యెవరును లేరని రెండు పంక్తుల జవాబు వచ్చెను. అది అబద్ధము గాదు. కాగితమును మడచి ట్రంకుపెట్టెలో పెట్టితిమి.

పత్రము లేకుండగనే ఆమె పని యిచ్చినది. నెలకు 16,000 రూపాయలు. సంఘమున ఇరువురము కలిసి తెచ్చుకొన్నది 14,500. మొదటి నెల జీతము పడినట్లు ఫోనునకు వర్తమానము వచ్చినప్పుడు, మావారు దానిని మాచేత రెండుసార్లు చదివించుకొని వినిరి.

వారికి సెప్టెంబరులో గాని పని కుదరలేదు. అదియు టెస్టింగు గాదు. ఆసుపత్రులలో వాడు ప్రోగ్రాము చెడినప్పుడు, ఫోనులో విని సరిచేయు కొలువు, తరచు రాత్రిపూట. బిల్లు రాక కోపముతో నున్న నర్సులు అరచుచుందురు. మావారు అంతయు విని, ఆమె ఊపిరి తీసికొన్న పిదప, "తెరమీద ఇప్పుడేమి కనబడుచున్నదమ్మా?" అని యడుగుదురు. తక్కినవారికంటె వీరి కెక్కువసేపు పట్టునని మొదట మందలించిరి. వీరితో మాటలాడినవారు అదే చిక్కుకు మరల ఫోను చేయుట తక్కువని చూచి ఊరకుండిరి. అప్పులింకను తీరలేదు. గాజులు రెండే. మా అబ్బాయి యిప్పటికిని నేరేడుచెట్టును తలంచుకొనును.

ఆదివారములలో ఇచ్చటి గుడిలో వెనుక వరుసను కూర్చుండుచున్నాము. పదునొకండేండ్లలో మేమిరువురము ప్రక్కప్రక్కన కూర్చుండి యొక్క ఆరాధననైన చూచి యెరుగము. మొదట చేతులు ఎక్కడ పెట్టుకొనవలెనో తెలియలేదు. మొన్న సంస్కారపు ఆదివారమున, జనమంతయు పోయినపిదప, గురువుగారి భార్య యొక్కతె వెనుకగదిలో గిన్నెలు కడుగుచుండగా చూచి, తువాలు తీసికొని తుడువసాగితిమి. పాతికేండ్ల చిన్నది. మాటలమీద, సభ్యుల పట్టీ యెవరు వ్రాయుచున్నారని యడిగితిమి.

"నేనేనండీ, పిన్నిగారూ. అయ్యగారికి తీరిక ఉండదు."

"నీ పేర బ్యాంకు ఖాతా యున్నదా, అమ్మా?"

ఆమె నవ్వి, "అయ్యగారిది ఉందిగా!" అనెను.

ఇంకను నలువది గిన్నెలున్నవి. అవి ముగియువరకు తుడిచి, వచ్చు శనివారము పట్టీ పుస్తకము తీసికొని మా గదికి రమ్మని చెప్పి వచ్చితిమి.