కొత్త పుస్తకాలూ, పంక్తిభేదమూ

మా ఊరి గ్రంథాలయానికి కొత్త పుస్తకాలు వచ్చాయంటే సంతోషించాల్సింది పోయి నాకు చిరాకు ముంచుకొస్తుంది. పుస్తకాల మీద కాదు, బీరువాలకి అంటించే చీటీల మీద. నవలలు, కవిత్వం, ఆధ్యాత్మికం, ఆరోగ్యం, వ్యక్తిత్వ వికాసం, బాలసాహిత్యం, పోటీపరీక్షలు. కట్ట విప్పి, ముద్ర కొట్టి, యాక్సెషన్ రిజిస్టర్‌లో నంబరు ఎక్కించగానే, పెళ్ళిభోజనాల్లో కులాన్ని బట్టి విస్తళ్ళు వేసినట్టు ఏ పుస్తకాన్ని ఆ వరసలో కూర్చోబెడతారు. బ్రహ్మనాయుడు అందరినీ ఒకే చాప మీద కూర్చోబెట్టి చాపకూడు తినిపించిన సీమ మాది. మా కారంపూడి మనిషికి ఈ పంక్తిభేదం ఎలా మింగుడుపడుతుంది?

పోటీపరీక్షల వరసతో నాకు పేచీ లేదు. గ్రూప్-2 అనీ, డీఎస్సీ అనీ పిల్లలు పొద్దున్నుంచీ ఆ పుస్తకాల మీదే వాలిపోయి ఉంటారు. నెల తిరక్కుండా అట్టలు ఊడతాయి. ఊడనీండి, చదివితేనే కదా ఊడేది. వ్యక్తిత్వ వికాసం అట్టలు మాత్రం ఎప్పుడు చూసినా నిగనిగలాడుతుంటాయి. 1960 నాటి గ్రంథాలయాల చట్టం పుణ్యమా అని మన ఇంటిపన్నులో రూపాయికి ఎనిమిది పైసల సెస్సు ఈ పుస్తకాలకే పోతుంది. నా పైసలతో నవల వచ్చిందా, నలభై రోజుల్లో నాయకుడయ్యే చిట్కాలు వచ్చాయా అని చూసుకోవడం నాకో పాడు అలవాటు.

"ఏ రకం కావాలి మాస్టారూ?" అని అడుగుతారు. అక్కడే నా గొడవ మొదలవుతుంది. పల్నాటి వీరచరిత్ర కొత్త ప్రతి ఒకటి వచ్చిందనుకోండి, ఏ బీరువాలో పెడతారు? కావ్యమంటే 894.827, తెలుగు సాహిత్యం. పన్నెండో శతాబ్దపు యుద్ధం కాబట్టి చరిత్ర అంటే 954. గొంతెత్తి పాడే కథ కాబట్టి జానపదం అంటే 398. కార్తీక అమావాస్య నాడు మా ఊరు వచ్చి వీరుల ఉత్సవం చూస్తే ఈ అంకెలన్నీ నాగులేట్లో కలిసిపోతాయి. ఎక్కడెక్కడి వీరాచారవంతులో కొణతాలు పట్టుకుని వస్తారు. ఆ ఆయుధాలే వాళ్ళకి వీరులు, వాటికే స్నానం, వాటికే పూజ. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అని అయిదు రోజులు కథ మొత్తం ఊళ్ళోనే నడుస్తుంది. అలాంటప్పుడు ఆధ్యాత్మికం బీరువా మాత్రం ఏం పాపం చేసింది?

పోనీ ఒకే పుస్తకమా అంటే అదీ కాదు. తాటాకుల్లో ఉన్నదాన్ని పల్నాటివాడే అయిన అక్కిరాజు ఉమాకాంతం 1911లో అచ్చు వేయించాడు. ఆలిశెట్టి గాలెయ్య పాడగా రికార్డు చేసుకుని జీన్ రోఘైర్ అనే అమెరికా ఆయన ఇంగ్లీషులోకి తెచ్చింది ఇంకొకటి. 1982లో ఆక్స్‌ఫర్డ్ వాళ్ళు వేశారు. ఉన్నవ లక్ష్మీనారాయణ బ్రహ్మనాయుడి ప్రత్యర్థి నాగమ్మ మీద 'నాయకురాలు' అని నాటకమే రాశాడు. 1947లో కన్నాంబా, 1966లో భానుమతీ తెర మీద ఆ నాగమ్మే అయ్యారు. మా ఇంట్లో 1966 సినిమా ప్రస్తావన వస్తే భోజనాలు చల్లారిపోయేవి. బ్రహ్మనాయుడి పక్షం కొందరు, నాగమ్మ పక్షం కొందరు. ఎన్టీఆర్ ఎదురుగా నిలబడి కూడా భానుమతి తగ్గలేదని మా మేనత్త, తగ్గాల్సింది అని మా నాన్న.

ఉమాకాంతం అచ్చు వేయించిన ద్విపద కావ్యం శ్రీనాథుడిదే అంటారు, కాదన్న పండితులూ ఉన్నారు. నా ఓటు కాదన్న వాళ్ళకే. పాండిత్యం ఉండి కాదు, కోపం ఉండి. ఆయన పేరు మీద పల్నాటి గురించి చెప్పుకునే చాటువులు విన్నారా? మా రాళ్ళని, మా దేవుళ్ళని, మా నాగులేటి నీళ్ళని వెక్కిరించి, పాముల్నీ తేళ్ళనీ కూడా వదల్లేదు. మన్మథుడంతటివాడు వచ్చినా ఇక్కడ జొన్నకూడే గతి అన్నాడు. తింటే తప్పేమిటి? అసలే ఒళ్ళు లేనివాడు, జొన్నకూడు తింటే కాస్త ఒళ్ళైనా పట్టేది!

శ్రీనాథుడికి కావలసిందల్లా సన్నబియ్యం. 1967లో సాగర్ కుడికాలవకి నీళ్ళు వదిలాక వరి కూడా పండించి చూపించాం. ఓ అయిదు వందల ఏళ్ళు ఓపిక పట్టి ఉంటే ఆయనకీ ఒక విస్తరి వేసేవాళ్ళం. ఇప్పుడేమో షుగరు వచ్చిన ప్రతివాడినీ డాక్టర్లు జొన్నరొట్టె తినమంటున్నారు. వేడివేడి జొన్నసంకటిలో గుంట చేసి నెయ్యి పోసి, పక్కన గోంగూర పచ్చడీ పచ్చి ఉల్లిపాయా పెడితే కాదనే నాలుక ఉంటుందా? ఆ గోంగూర ఆయనకి ఎవరూ వడ్డించలేదో, కనకాభిషేకం చేయించుకున్న ఒంటికి ఉల్లిపాయ వాసన పడక విస్తరి ముందు నుంచి లేచిపోయాడో!