మా యింటి తేనెపాత్ర

పెద్దపాత్రలను కొనునపుడు మనము పదిమందిని విచారింతుము. చిన్నపాత్రను గూర్చి యెవ్వరు నంతగా నాలోచింపరు. మేమును అట్లే తలంచి, ఒక్క తేనెపాత్ర విషయమున ఇంచుమించు సంవత్సరకాలము చిక్కుపడితిమి. ఆ చిక్కువలన నేర్చుకొన్న పాఠము స్వల్పమే యైనను, తోడి విద్యార్థులకును వారి తల్లిదండ్రులకును ఉపయోగించు నేమో యని యిచట వ్రాయుచున్నాము.

మా యూరు నల్లమల పాదమున, ఆత్మకూరునకు సమీపమున నున్నది. ఈ ప్రాంతము 2022వ సంవత్సరము వఱకు కర్నూలు జిల్లాలో నుండి, అటుపిమ్మట నంద్యాల జిల్లాలో చేరినది. నేల మెట్ట, ఎండ మెండు. అయినను అడవి మాకు తేనె నిచ్చుచున్నది. చెంచులు కొండచరియలనుండి త్రాళ్లపై దిగి, పొగవేసి, పెద్ద తేనెటీగల పట్టులను కోసి తేనె తెత్తురు. పట్టు తప్పినచో ప్రాణమే పోవును. 1956లో స్థాపితమైన గిరిజన సహకార సంస్థవారు గిరిజనులు సేకరించిన తేనెను కొని, శుద్ధిచేసి విక్రయించుచున్నారు. ఇంత శ్రమతో లభించిన వస్తువు చీమలపాలు కారాదని మా అవ్వ యెల్లప్పుడు చెప్పుచుండెను.

అవ్వ తేనెను పింగాణీజాడీలో పోసి, జాడీని నీళ్లపళ్లెములో నిలుపుచుండెను. ఉదయమున మేము బడికి పోవుటకు ముందు, తానే జొన్నరొట్టెపై తేనె పోసి మా చేతి కిచ్చుచుండెను. ఆ పని నింకెవ్వరిని చేయనిచ్చుట లేదు.

నిరుడు మార్చి నెలలో ఒకనాటి ఉదయమున, ఆమె వణకుచేతులనుండి జాడీ జాఱి కడపబండల నేలపై పడి పగిలిపోయెను. ఇంటిలో నెవ్వరు నొక్కమాట యనలేదు. అమ్మ గాజుపెంకుల నేరినట్లు జాడీపెంకుల నేరి, నేల కడిగెను. కాని యవ్వ నాటినుండి వంటయింటిలోనికి వచ్చుట మానుకొనెను. రొట్టె అమ్మ యిచ్చుచుండెను. అవ్వ వసారాలో గోడ కానుకొని కూర్చుండి, మేము తినుచుండగా వేఱొకవైపు చూచుచుండెను. అది మాకు మిక్కిలి బాధ కలిగించెను.

మే మామెకు మంచిపాత్ర నొకటి బహుమానముగా నీయ నిశ్చయించి, దాచుకొన్న డబ్బుతో కర్నూలుకు పోయితిమి. అచట గాజుతో చేసిన యొక క్రొత్తపాత్ర కనబడెను. దాని యడుగున చిన్న రంధ్రము. పిడిపైనున్న మీటను బొటనవ్రేలితో నొక్కిన బిరడా లేచి తేనె దిగును, విడిచిన మూసుకొనును. చూచి మురిసి కొంటిమి. కాని యెండలు ముదురగానే తేనె పలుచనై బిరడాసందుననుండి చుక్కలు చుక్కలుగా కాఱ నారంభించెను. చీమలు బారులు దీర్చెను. అన్నిటికంటె ముఖ్యముగా, ఆ మీటను నొక్కుబలము అవ్వ బొటనవ్రేలికి లేకపోయెను.

పిమ్మట మెత్తని ప్లాస్టిక్ సీసాను తెచ్చితిమి. పిసికినచో తేనె సన్నని ధారగా వచ్చును. మా తమ్ముడు దానిని చాల మెచ్చుకొనెను. పిల్లలకు నిజముగా మంచిదే. కాని కీళ్లనొప్పులుగల పిడికిలికి పిసుకుటయు కష్టమే.

వానకాలమున పెద్ద గాజుజాడీని, గాడులు చెక్కిన కొయ్యగరిటెను తెచ్చితిమి. లీటరు తేనె యించుమించు 1.4 కిలోల బరువు తూగును. జాడీ బరువు గూడ చేరగా దానిని జరుపుటయే యవ్వకు భారమయ్యెను. గరిటె లోపలనే యుండుటచే మూత సరిగా పడలేదు. తేనె గాలిలోని తేమను పీల్చుకొను స్వభావము గలది. దానిలో నీరు నూటికి 20 పాళ్లు మించినచో పులియుట కవకాశము కలుగును. మా తేనెయు పులిసి నురుగు గట్టెను. బంధువొకరు ఇత్తడి చెంబులో నుంచుడని సలహా యిచ్చిరి. తేనె ఆమ్లగుణము గలది గనుక ఇత్తడిలో నిలువ యుంచరాదని మా విజ్ఞానశాస్త్రపు టుపాధ్యాయులు వారించిరి.

ఇట్లు మూడు పాత్రలు వచ్చెను గాని, అవ్వ మాత్రము వంటయింటిలోనికి రాలేదు. అప్పుడు మా చెల్లెలు వసారాలోనికి పోయి, "అవ్వా, నీ కెట్టి పాత్ర కావలెను?" అని యడిగెను. అవ్వ నవ్వి, "ఇన్నాళ్లకు నన్నడిగినారా! నేను ఎత్తవలసిన పాత్ర నా కెందుకు? కదలకుండ కూర్చుండు పాత్రను తెండు. చెంచాయే తేనె దగ్గరకు పోవును" అనెను.

మేము సిగ్గుపడితిమి. అంగడివానిని ఎన్నియో ప్రశ్న లడిగితిమి; పాత్రను వాడవలసిన చేతిని మాత్ర మడుగమైతిమి.

మఱునాడే ఆత్మకూరు అంగడిలో పొట్టిగా, అడుగు వెడల్పుగా, నోరు విశాలముగా నుండి, మూత సులభముగా తిరుగు గాజుసీసాను కొంటిమి. అరకిలో తేనె 400 మిల్లీలీటర్ల పాత్రలో సుఖముగా నిముడును గనుక చిన్నదే చాలెను. అమ్మ చెంచా పిడికి గుడ్డపీలిక చుట్టి లావుచేసెను. పాతపళ్లెములో నీళ్లు పోసి సీసాను దానిలో నిలిపితిమి. శీతకాలమున తేనె గడ్డకట్టి పలుకులు దేఱినపుడు, వెడల్పునోటి వలన చెంచాతో తీయుట సులభమయ్యెను. కరిగింపవలసినపుడు పొయ్యిపై పెట్టక, సీసాను గోరువెచ్చని నీటిలో కొంతసేపుంచిన చాలును.

ఇప్పు డవ్వ మరల ప్రతి యుదయమున వంటయింటిలో తన పీటపై కూర్చుండుచున్నది. చేయి వణకుటచే తేనె రొట్టెపై వంకరటింకరగా పడును. ఒక్కొక్కప్పుడు పళ్లెముపై గూడ పడును. మేము దానిని తుడుచుకొని తిందుము.

చదువరులారా, మీ యింటికి ఏ వస్తువును కొనినను, దాని సొగసును వెలను చూచుటకు ముందు, దానిని దినదినము పట్టుకొను చేయి యెవరిదో తెలిసికొనుడు, వారినే యడుగుడు. మా అవ్వ నడిగియుండినచో మాకు మూడు పాత్రల వెల మిగిలియుండెడిది. ఆమెకు వసారాలో గడపిన యన్ని దినములు మిగిలియుండెడివి.