నాతానును మా యింటికి పంపుము



అధికారము గలవాడు అన్యాయము చేయుట ఒక కీడు. చేసి, అది న్యాయమేయని తన మనస్సును తానే ఒప్పించుకొనుట అంతకంటె పెద్ద కీడు. మొదటిదానికి పశ్చాత్తాపమున్నది, రెండవది ఆ పశ్చాత్తాపమునకే తలుపు మూసివేయును. ఈ సంగతినిగూర్చి ప్రార్థించుటకు 2 సమూయేలు 11, 12 అధ్యాయములు తెరచి, మెల్లగా చదువుడి.

11వ అధ్యాయములో దావీదు ఎన్ని మారులు పంపెనో లెక్కించుడి. యోవాబును యుద్ధమునకు పంపెను. బత్షెబ యెవరో తెలిసికొనుటకు పంపెను. ఆమెను తెచ్చుటకు పంపెను. ఊరియాను రప్పించుటకు పంపెను. తుదకు ఊరియా చావు వ్రాసిన ఉత్తరమును ఊరియా చేతనే పంపెను. రాజు యెరూషలేము విడువకయే అంతయు జరిగిపోయెను. 25వ వచనమునొద్ద ఆగుడి. యుద్ధములో కత్తికి వీడు వాడను భేదము లేదని యోవాబునకు ధైర్యము చెప్పి పంపుచున్నాడు. హత్యకు యుద్ధమని పేరు పెట్టుకొనెను. ఇదే ఆత్మవంచన.

మన సీమలోను ఇట్టిది జరిగినది. మన పెద్దలు ధాత కరవని చెప్పుకొనిన 1876-78 నాటి కరవులో, అనంతపురము ఇంకను బళ్లారి జిల్లాలో నుండగా, సర్ రిచర్డ్ టెంపుల్ దొరను వైస్రాయి మదరాసు రాజధానికి పంపెను. 1873-74లో బీహారు కరవునాడు బర్మా బియ్యము తెప్పించి అనేకుల ప్రాణములు నిలిపి, ఖర్చు హెచ్చెనని నిందపడినవాడు ఈయనే. 1877లో ఆయన, కరవు పనిలో మన్ను మోయు కూలివానికి దినమునకు ఒక పౌను, అనగా రమారమి 450 గ్రాముల ధాన్యపు వెలయు, పైన కొద్ది పైకమును చాలుననెను. చాలదని శానిటరీ కమీషనరు డాక్టరు కార్నిష్ వాదించెను. ఆ కోతకు పెట్టిన పేరు పొదుపు. అన్నము పెట్టిన చేయియే కొలత తగ్గించెను.

మనము రాజులము కాము, దొరలము కాము అనవద్దు. బోరులో నీళ్లున్న రైతు, కూలి లెక్కించు ఆసామి, కానుకల లెక్క చూచు సంఘ పెద్ద, కోడలికి వడ్డించు అత్త, వీరందరి చేతిలోను అధికారమున్నది. వాన లేని యేట కూలి తగ్గించి, కరవు గదా యందుము. శెనక్కాయ బాగుగా పండిన యేట హెచ్చించితిమా?

ఇప్పుడు 12వ అధ్యాయపు మొదటి మాట చూడుడి. ఈసారి పంపినవాడు దేవుడు. నాతాను నేరము చదువలేదు. గొఱ్ఱెపిల్ల కథ చెప్పెను. గొఱ్ఱెల కాపరియైన దావీదు మండిపడెను. పరుని పాపమును చూచిన కన్ను తన పాపమునకు గ్రుడ్డిదైయుండెను. కాబట్టి ఆ కథలో బీదవాని స్థానమున కాక, ధనవంతుని స్థానమున కూర్చుండి చదువుడి. నాకు భయపడువారెవరు? వారు నాతో నిజము చెప్పగలరా? అని అడుగుకొనుడి. పిమ్మట మోకాళ్లూని 51వ కీర్తన చదువుడి. ఎవరి కూలియైన మీయొద్ద నిలిచియున్నట్టు జ్ఞాపకము వచ్చినయెడల, తెల్లవారగానే ఇచ్చివేయుడి.

అణగద్రొక్కబడిన సహోదరుడా, సహోదరీ, 11వ అధ్యాయపు చివరి వచనము నీది. ఊరియా పక్షమున ఎవరును నోరు తెరువకున్నను దేవుడు చూచెను.

ప్రభువా, నాకు నేను చెప్పుకొను సాకులను నీవెరుగుదువు. నాకు భయపడువారి నోటనే నీ మాట పంపుము. విని కోపింపక తల వంచు కృప దయచేయుము. ఆమేన్.