తీగలేని వలకు కావలి

ఈ సంచికకు నా యుద్యోగమును గూర్చి యేమైనను వ్రాయుమని సంపాదకులు కోరిరి. ఈ పాఠశాల పూర్వవిద్యార్థులలో నొకడనైన నేను ఆదోనిలో కాపురముండి, ఎమ్మిగనూరులోని యొక విద్యాసంస్థలో వైర్‌లెస్ నెట్‌వర్కును కాపాడుచుందును. చెప్పుకొనదగిన ఘనతలు లేవు గనుక నా తప్పిదమునే వ్రాసెదను.

ఒకనాడు పాలిటెక్నిక్ ప్రవేశపరీక్ష దరఖాస్తులకు గడువు ముగియుచుండెను. మాచాని సోమప్పగారు 1938లో చేనేత సహకారసంఘమును స్థాపించిన యా యూరిలో నేటికిని మగ్గములు కలవు. అట్టి యొక చేనేతకారుని కూతురు సాయంకాలము నాలుగు గంటలకు నా గదికి వచ్చి, “సార్, ఫోనులో గీతలు నిండుగా నున్నవి, పేజీ మాత్రము తెరచుకొనుట లేదు” అనెను. నా బల్లపై తెర చూచితిని. ఆక్సెస్ పాయింట్లన్నియు పచ్చగా నుండెను. “అంతయు సరిగానే యున్నదమ్మా, నీ ఫోనే చూచుకొనుము” అని పంపివేసితిని. గంట గడచునప్పటికి మరి పదిమంది వచ్చిరి.

అప్పుడు లేచి తరగతిగదికి పోయి చూడగా, అచ్చటి కంప్యూటరు 169.254 అని మొదలగు చిరునామాను తనకు తానే పెట్టుకొని యుండెను. చిరునామాలు పంచెడి డి.హెచ్.సి.పి. సర్వరు బదులీయనప్పుడు జరుగునది యిదియే. మా నెట్‌వర్కునకు గల చిరునామాలు 254; వానిలో నొకటి గేట్‌వేది. తక్కినవానిని నేను 24 గంటల కౌలున కిచ్చుచుంటిని. ఆ యుదయము తల్లిదండ్రుల సభ జరిగెను. వారి ఫోనులు తలకొక చిరునామా పుచ్చుకొని యిండ్లకు వెడలిపోయినవి! ఆదోని పత్తి మార్కెట్టు గేటు బార్లా తెరచియున్నను, లోపల చీటీ వ్రాయువాడు లేనిచో బండి కదలునా? నేను గేటును మాత్రమే చూచి బేరము జరుగుచున్నదనుకొంటిని.

నా తనిఖీ యంతయు 1983లో అమెరికాలో మైక్ మూస్ అను నాతడు వ్రాసిన పింగ్ అను సాధనముతోనే. అది నా బల్లనుండి తీగమార్గమున పోయి “ఉన్నావా?” యని యడుగును, ఆక్సెస్ పాయింటు “ఉన్నాను” అనును. పిల్లలు నడచు త్రోవలో నేనొక్కమారును నడువలేదు.

పాత కౌళ్లను రద్దుచేసి, గడువును గంటకు తగ్గించితిని. ఆ బాలిక దరఖాస్తు రాత్రి యెనిమిదింటికి చేరెను. ఆమె తండ్రి మగ్గము విడిచి వచ్చి అంతవరకు వాకిట కూర్చుండి యుండెను. నన్నొక్క మాటయు ననలేదు. తిట్టినచో నాకు సుఖముగా నుండెడిది.

పిమ్మట చివరి తరగతిగదిలో నొక చిన్న కంప్యూటరు నుంచితిని. అది యైదు నిమిషముల కొకసారి వైర్‌లెస్‌ను వదలి, విద్యార్థివలెనే మరల చేరి, చిరునామా యడిగి, గేట్‌వేను తాకి, డి.యన్.యస్.ను ఒక పేరు విచారించి, ఒక పేజీని తెరచును. ఏ మెట్టున ఆగెనో తీగమార్గమున నా గదిలోని సర్వరునకు చెప్పును. ఒకసారి తప్పుట గాలిలో సహజము. వరుసగా మూడుమార్లు తప్పినను, అసలు పలుకకున్నను నాకు వార్త వచ్చును. చిరునామాలలో నూటికి 80 ఖర్చైనను వచ్చును. ఆ వార్త మొబైలు సందేశముగా వేరుదారిని వచ్చును; చచ్చిన నెట్‌వర్కు తన చావుకబురు తాను మోయలేదు గదా!

మొదటి హెచ్చరిక నేను ఆదోని బస్టాండులో నుండగా వచ్చెను. గుండెలు దడదడలాడ తిరిగి ఎమ్మిగనూరు బస్సెక్కితిని. ఎవరో తమ ఫోను చార్జి చేసికొనుటకై ఆ చిన్న కంప్యూటరు ప్లగ్గు నూడదీసి యుండిరి. ఇప్పుడా ప్లగ్గునకు టేపు చుట్టియున్నాను.